కలిపేటప్పుడు జారిపోయిన లైను

గంట పడుతుందని చెప్పాను. మేనేజరు తలుపు సగం తోసి, లోపలికి రాకుండా బయటికి పోకుండా గుమ్మంలోనే నిలబడి "ఎంత నష్టం?" అని అడిగాడు. నేను తెర మీంచి కళ్లు తిప్పకుండానే "గంట ఆగండి, చెప్తాను" అన్నాను. "పోనీ, ఉజ్జాయింపుగా?" అన్నాడు. "ఇది ఉజ్జాయింపుగా చెప్పేది కాదండీ" అన్నాను. ఆయన పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపు వేసినట్టు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. ఆ చప్పుడు లేకపోవడానికే ఆయన మీద ఇన్నేళ్లలో లేనంత అభిమానం పుట్టుకొచ్చింది నాకు. అరవొచ్చు, అరిచే హక్కు ఉంది, ఇవాళ ఆసుపత్రులకు వెళ్లాల్సిన సాఫ్ట్‌వేరును నా ఒక్క మాట మీద ఆపేశాడు, ఇంకొకరైతే పదిమందిలో నిలబెట్టి పుండు మీద కారం చల్లేవారు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరుసలు వరుసలుగా కిందికి దిగుతున్నాయి. ఒక్కో వరుసా గడిచిన కొన్ని వారాల్లో మావాళ్లెవరో తమ పనిని అందరి పనిలోకి కలిపిన ఒక్కో సందర్భం, దాని పక్కన 'సరే' అని పడుతోంది. సరే. సరే. సరే. గంగిరెద్దులా అన్నిటికీ తలూపుతోంది. ఊపు తల్లీ, ఊపుతూనే ఉండు, నీకు పుణ్యముంటుంది.

నువ్వు రోజంతా ఏం చేస్తావే అని మా అమ్మ ఒకసారి అడిగింది. పదిమంది తలో చోట కూర్చుని ఒకే పుస్తకాన్ని దిద్దుతున్నారనుకో అమ్మా, ఎవరు ఏ పేజీలో ఏం మార్చారో గుర్తుపెట్టుకుని చివరికి అన్నిటినీ కలిపి ఒకే పుస్తకం చేసిచ్చే పనిముట్టు ఒకటుంది, దాన్ని కాచుకుని ఉండటం నా ఉద్యోగం అన్నాను. "ఇద్దరూ ఒకే వాక్యం మీద కొట్టుకుంటేనో?" అంది అమ్మ వెంటనే, ముగ్గురు తోడికోడళ్ల మధ్య కాపురం చేసిన మనిషి కదా, పోట్లాట ఎక్కడ పుడుతుందో ఇట్టే తెలిసిపోతుంది. అప్పుడది ఆగిపోయి మీరే తేల్చుకోండి అంటుందమ్మా అన్నాను. "అయితే మీ నాన్నకన్నా నయం" అంది. నిజమే, ఆ ఆగడమే దాని గొప్పతనం, తెలియనిచోట తెలియదని ఒప్పుకోవడం. అలాంటి దానికి కొత్త వెర్షను వచ్చింది, పాతదానికన్నా చాలా వేగమన్నారు, నేను నా దగ్గర కొన్నాళ్లు వాడి చూసుకుని అందరికీ పెట్టాను, అందరూ అబ్బ ఎంత తొందరగా అయిపోతోందో అన్నారు. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టేస్తుందంటారు, ఈ కొత్త నీరు ఇంకేం కొట్టుకుపోయిందో ఇవాళ పొద్దునదాకా ఎవరికీ తెలియదు. ఒకరు ఒక ఫైలుకి పేరు మార్చి, అదే రోజుల్లో ఇంకొకరు అదే ఫైలు లోపల ఏదైనా రాస్తే, రెండిటినీ కలిపేటప్పుడు కొత్త వెర్షను పేరు మార్పును తెస్తోంది, లోపల రాసినదాన్ని దారిలో వదిలేస్తోంది. ఇల్లు మారేటప్పుడు లారీవాడు ఒక్క పెట్టె పాత గుమ్మంలోనే మర్చిపోయి, అంతా వచ్చేసిందండీ, సంతకం పెట్టండి అన్నట్టు. అన్నిసార్లూ అయితే మొదటిరోజే పట్టుబడేది. కొన్నిసార్లే. ఆగదు, అడగదు, ఒక్క హెచ్చరికైనా లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

కాని ఒక మనిషి పట్టుకున్నాడు, లేదా పట్టుకుంది, ఆడో మగో తెలియదు, ఆ పనిముట్టు తయారుచేసేవాళ్ల చర్చా పేజీలో పేరుకు బదులు పిట్ట బొమ్మ పెట్టుకున్న ఎవరో. పొద్దున కాఫీ కప్పు చేతిలో ఉండగా చదివాను, చదివి కప్పును బల్ల మీద పెట్టబోయి కీబోర్డు మీద పెట్టాను. ఎంత ఓపికగా రాశారు. ఇలా పేరు మార్చండి, ఇలా ఒక లైను చేర్చండి, ఇప్పుడు కలపండి, చూడండి, లైను లేదు. కింద ఎవరో విసురుగా, మాకలా జరగడం లేదు, నువ్వే ఏదో తప్పు చేసుంటావు అని రాశారు. నేనైతే ఆ మాటకి పోరా అని మానేసేదాన్ని. పిట్ట మానలేదు, మళ్లీ వచ్చి ఇంకా చిన్న ఉదాహరణ చేసి పెట్టింది, చివర్న, మీ అందరికీ ఇలా జరిగి ఉండకపోవచ్చు, అయినా ఒకసారి చూసుకోండి అని రాసింది. ఎక్కడో కూర్చుని, వాళ్ల పనేదో పాడై, దాన్ని బాగు చేసుకుని ఊరుకోకుండా, మేం ఎవరమో తెలియని మా కోసం. కాలేజీ రోజుల్లో స్నేహితురాలి స్కూటరు వెనక కూర్చుని పోతుంటే వెనకనుంచి ఎవరో ఆడమనిషి గొంతు, "అమ్మాయ్, చున్నీ! చున్నీ చక్రంలో పడుతోంది!" అని అరిచింది, లాక్కుని ఒళ్లో కుక్కుకుని తిరిగి చూసేసరికి రోడ్డు నిండా జనం, ఎవరన్నదీ తెలియలేదు, చక్రంలో పడి ఉంటే మెడ ఏమయ్యేదో ఇంటికెళ్లాక అర్థమై వణుకొచ్చింది. ఆ గొంతు మాత్రం చెవిలో ఉండిపోయింది, కాస్త బొంగురుగా, అధికారంగా, సొంత పిన్ని కేకేసినట్టు. ఆవిడకు నేను గుర్తుండను. అరిచి, తన దారిన తను కూరలు కొనుక్కుని పోయి ఉంటుంది. ఇలాంటివాళ్ల చేతుల మీదుగానే కదా ఇంతదాకా నడిచొచ్చాం, ఎవరికని దణ్ణం పెట్టేది.

సరే. సరే. తేడా.

'తేడా' అన్నచోట తెరిచి చూశాను. నేను రాసిన చిన్న ప్రోగ్రాము చేసేదల్లా పాత కలయికలన్నిటినీ పాత వెర్షనుతో మళ్లీ కలిపి చూడటం, అప్పుడు వచ్చినదీ ఇప్పుడు వచ్చినదీ ఒకటేనా కాదా అని పోల్చడం. ఇక్కడ జారిపోయింది ఒక బొత్తాము రంగు, పసుపు కావాల్సింది బూడిదగా ఉండిపోయింది. అంతే. అమ్మయ్య అనుకున్నాను, అనుకుని కూడా కుర్చీలో వెనక్కి వాలలేకపోయాను. రంగు పోయిందంటే ఇంకేమైనా పోవచ్చు. చిన్నప్పుడు మేం అద్దెకున్న ఇంట్లో పైకప్పు కారి, ఊరెళ్లి వచ్చేసరికి గదంతా మడుగు, నేనూ చెల్లీ గుమ్మంలోనే ఏడుపు మొదలెట్టి, నా పుస్తకాలు పోయాయి, నా గౌను పోయింది అని వరస కట్టి చెప్తుంటే, అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి "పోయినవి తర్వాత ఏడుద్దాం, తడవనివేంటో ముందు చెప్పండి" అంది. మేం ఏడుపు ఆపి వెతకడం మొదలెట్టాం. దుప్పట్లు తడవలేదమ్మా. నాన్న కళ్లజోడు తడవలేదు. గోడమీద ఫొటోలు తడవలేదు. కాసేపటికి అదేదో ఆటలా తయారై, చెల్లి ఎగిరి గంతేసి "నేను తడవలేదు!" అంది. అమ్మ నవ్వీ నవ్వీ ఆ నీళ్లలోనే కూలబడింది. నష్టం లెక్కకట్టే ఉద్యోగం నాకు వచ్చింది గానీ ఆ విద్య మాత్రం అమ్మదే.

ఫోను బల్ల మీద బుర్రుమంది. చెల్లెలి కూతురు. 'పెద్దమ్మా, జుట్టు చెవులదాకా కత్తిరించేసుకోనా? అమ్మ వద్దంటోంది. నువ్వు అడిగితే ఒప్పుకుంటుంది.' లోకం మునిగిపోతుంటే దీనికి జుట్టు గొడవ. వెంటనే నవ్వొచ్చింది, ఎందుకంటే దీని తల మీద జుట్టు మొలిచిన రోజు నాకు తెలుసు, అసలు దీని తల మా ఆయన గుప్పిట్లో నిమ్మకాయంత ఉన్న రోజు తెలుసు. ఏడో నెలలోనే తోసుకొచ్చేసింది, ఏం కొంప మునిగిందో. అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు, చెల్లికి జ్వరం, లేవలేదు, వాళ్లాయనకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, సూది చూసినా తిరుగుతాయి, కాబట్టి ఆ పెట్టె పక్కన స్టూలు మీద కూర్చునే పని పెద్దమ్మకే పడింది. వారాల తరబడి కూర్చున్నాను. అప్పట్లో నేను బ్యాంకులకు ప్రోగ్రాములు రాసేదాన్ని, అంకెలు చూడటం అలవాటు, పెట్టె మీద వెలిగే అంకెనే చూస్తూ కూర్చునేదాన్ని, పాప ఒంటి వేడి. అది కాస్త తగ్గితే పెట్టె తనంతట తనే వేడి పెంచేది, పెరిగితే తగ్గించేది, మనుషులెవరూ ముట్టుకోకుండానే. ఇది రాసినవాళ్లెవరో ఎంత జాగ్రత్తగా రాసి ఉంటారు, వాళ్లకు నిద్ర పట్టి ఉంటుందా అనుకునేదాన్ని. ఆ అనుకోవడమే నన్ను బ్యాంకులోంచి లేపి, అలాంటి పెట్టెలు చేసే ఈ కంపెనీలో ఈ కుర్చీలోకి తెచ్చింది, జీతం తక్కువన్నా వినకుండా. పాప పొట్ట మీద చిన్న బిళ్ల అంటించేవారు, బంగారు రంగు రేకు బిళ్ల, దాని కిందే ఒంటి వేడి చూసే తీగ. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, దేవుడు ముద్ర వేసి పంపినట్టు. అది మాటిమాటికీ ఊడిపోయేది. ఊడితే నేను కంగారుగా నర్సును పిలిచేదాన్ని, ఆవిడ వచ్చి చెయ్యి తుడుచుకుని మళ్లీ అంటించి, "మీ పిల్లకి నగలు పడవండీ" అనేది.

బిళ్ల ఊడిపోవడం.

బిళ్ల ఊడితే తీగ గాలిలోకి వస్తుంది, గాలి ఒంటికన్నా చల్లన, పెట్టె పాప చల్లబడిపోతోందనుకుని వేడి పెంచుతుంది, పెంచుతూనే పోతుంది. మరీ హద్దు మీరితే ఆపడానికి ఇంకో అడ్డు ఉంది, కాని అంతదాకా పోనివ్వకూడదు కదా, పిడికెడు ప్రాణం. దాని కోసమే మా మూగనోము ఒక లైను రాశాడు. మూగనోమంటే మా టీములో కుర్రాడు, వారానికి పది మాటలు కూడా ఖర్చుపెట్టడు, అందుకని ఆ పేరు. మీటింగులో అందరూ బిళ్ల ఊడిందని ఎలా కనిపెట్టాలి, ఇంకో సెన్సారు పెడదామా, జిగురు మారుద్దామా అని అరుచుకుంటుంటే, అతను చెయ్యెత్తి, "ఏ పాపా అంత తొందరగా చల్లబడదు" అన్నాడు. నిజమే. ఒళ్లు నెమ్మదిగా చల్లబడుతుంది, అంకె ఒక్కసారిగా పడిపోయిందంటే చల్లబడింది పాప కాదు, ఊడింది బిళ్ల. అలా పడిపోతే వేడి ఆపెయ్, గంట కొట్టు. ఒక్క లైను. అదే వారంలో సర్దుడు ఫైళ్లన్నిటికీ పేర్లు మార్చాడు. సర్దుడు మా టీములోనే ఇంకొకడు, వాడికి చిందరవందర అంటే ఒంటికి పడదు, పక్కవాళ్ల బల్లమీద పెన్నులు కూడా ఎత్తు ప్రకారం సర్దేసి పోతాడు. పేర్లన్నీ ఒక పద్ధతిలోకి తెచ్చాడు, మేమందరం మెచ్చుకున్నాం. మూగనోము రాసింది ఏ ఫైల్లో? సర్దుడు పేరు మార్చింది ఏ ఫైలుకి?

ప్రోగ్రాము ఇంకా ఆ వారందాకా రాలేదు, పాతవాటితోనే కుస్తీ పడుతోంది. నేను దాన్ని పక్కకు జరిపి ఆ ఫైలు తెరిచాను. కొత్త పేరుతో ఉంది, చక్కగా, సర్దుడి పనితనం. లోపలికి దిగాను, వేడి పెంచే చోటు, తగ్గించే చోటు, ఆ రెండిటి మధ్య ఉండాలి. లేదు. పైకెళ్లాను, కిందికొచ్చాను. పాత పేరుతో వెతికితే మూగనోము రాసింది అతని సొంత కాపీలో ఉంది, మెరిసిపోతూ, అందరిదీ కలిపిన దాంట్లో మాత్రం అది ఎప్పుడూ పుట్టనట్టే ఉంది. లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. అద్దం గోడ అవతల మూగనోము చెవుల్లో పాటలు పెట్టుకుని తల ఊపుతూ పని చేసుకుంటున్నాడు. చెయ్యి ఊపితే వచ్చాడు. తెర చూపించాను. వంగి చూశాడు, చాలాసేపు చూశాడు, చెవుల్లోంచి తీగలు తీసేసి "అక్కా, నా లైనేది?" అన్నాడు, జాతరలో చెల్లి చెయ్యి వదిలేసినవాడి గొంతుతో. చెప్పాను. అతను వెళ్లి, అప్పటికే విషయం చెవినపడి మొహం పాలిపోయి వస్తున్న సర్దుడి భుజం మీద చెయ్యి వేశాడు. సర్దుడు "నేను పేర్లు మార్చకపోయుంటే..." అంటుంటే నేనే కోప్పడ్డాను, "ఇల్లు ఊడ్చినవాడిది తప్పేంట్రా? ఊరుకో." ఊడ్చేవాడు ఉండబట్టే కదా మేమందరం తట్టుకుని పడకుండా నడుస్తున్నాం. వాళ్లిద్దరినీ అలా పక్కపక్కన చూస్తుంటే, ఇంత భయంలోనూ, వీళ్లతో పని చేసే అదృష్టం నాకెలా పట్టిందో అనిపించింది.

పరీక్షల గది మెట్ల కిందుంటుంది. అక్కడ అద్దాల పెట్టెలు వరసగా ఉంటాయి, వాటిలో రబ్బరు బొమ్మలు పడుకుని ఉంటాయి, గోరువెచ్చటి నీళ్లు నింపినవి. ఆ గదికి మహారాణి అనుమానం అక్క. మేం ఏం చేసి తెచ్చినా "నాకు అనుమానమే" అంటూ మొదలెడుతుంది, అది దాటితే లోకమంతా దాటినట్టే. వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. "ఆ లైను నేను చూశానమ్మాయ్, పాసయింది" అంది. "కలపకముందు కదక్కా?" "కలపకముందే. కలిపాక గంటలు మోగాయా లేదా, తెర వెలిగిందా లేదా చూశాను. కలపడంలో జారిపోతుందని ఎవడనుకుంటాడు? నాకే అనుమానం రాలేదంటే ఇంకెవరికొస్తుంది?" అంటూనే పెట్టె తెరిచి బొమ్మ పొట్ట మీది బిళ్ల పీకింది. నలుగురం నిలబడి చూశాం. అంకె ఒక్కసారి కిందికి పడింది. వేడి ఆగాలి. గంట మోగాలి. మోగలేదు. పెట్టె అడుగున వెచ్చటి గాలి వీచే చప్పుడు మెల్లగా పెరిగింది, పెరుగుతూ పోయింది, ఎంతో ప్రేమగా, ఎంతో తెలివితక్కువగా. అక్క చెయ్యి లోపల పెట్టి, వెంటనే తీసి, స్విచ్చి కట్టేసి, ఆ బొమ్మను ఎత్తి భుజాన వేసుకుంది. వేసుకున్నట్టు తనకే తెలియలేదు.

వెనకనుంచి మేనేజరు గొంతు, "ఒక ఆసుపత్రికి ఈ సాఫ్ట్‌వేరు మొన్నే ఇచ్చాం. వాడి చూస్తామన్నారు కదా." ఎప్పుడొచ్చాడో. మొన్న. ఒక్క ఆసుపత్రే, కాని అక్కడున్నవి రబ్బరు బొమ్మలు కావు. ఆయన అప్పటికే నెంబరు నొక్కుతున్నాడు. ఎంగేజ్. మళ్లీ. ఎంగేజ్. సర్దుడు అదే ఆసుపత్రి ఇంకో నెంబరు కోసం వెతుకుతున్నాడు. నేను ఖాళీగా నిలబడలేక పైకి పరుగెత్తి తెర చూశాను. ప్రోగ్రాము అయిపోయింది. తేడాలు కొద్దిగానే ఉన్నాయి, చేతివేళ్లకన్నా తక్కువ, ఒకటి రంగు, ఒకటి అక్షరదోషం దిద్దిన మాట, ఒకటి ఎవరూ వాడని పరీక్ష, ఒకటి ఇది. మిగతావన్నీ సరే. వందలకొద్దీ సరే. ఇంకోరోజైతే ఈ పాటికి అందరికీ మిఠాయిలు పంచేదాన్ని. ఈ లెక్క చూసి ఏ పెద్దవాళ్లయినా 'ప్రభావం స్వల్పం' అని రాసుకోవచ్చు, నేనే రాయొచ్చు, తప్పు కూడా కాదు. కాని స్వల్పమైనది ఎక్కడుంది, ఎవరి మంచం మీదుంది? పాత వెర్షను అందరికీ మళ్లీ పెట్టడానికి ఆజ్ఞ ఇచ్చేసి కిందికి దిగాను. దిగుతూ ఒకటే అనుకున్నాను, ఆ వార్డులో ఇప్పుడు స్టూలు మీద కూర్చున్న పెద్దమ్మ ఎవరో, అంకె పడిపోతే వెంటనే నర్సును పిలిచే రకమో, మొహమాటపడే రకమో. పిలవండమ్మా. మొహమాటపడకండి. అరవండి.

"మోగుతోంది" అని మేనేజరు ఫోను నా చేతిలో పెట్టాడు. "నువ్వే మాట్లాడు, నాకు సరిగ్గా చెప్పడం రాదు." అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టాను. అవతల వార్డు చూసుకునే పెద్ద నర్సు.

"సిస్టర్, మేం ఆ వెచ్చటి పెట్టెలు చేసేవాళ్లం. మొన్న కొత్తది వేసిన పెట్టెలు మీ దగ్గర ఎన్ని?"

"రెండండీ. ఏం?"

"వాటిల్లో పిల్లలుంటే వెంటనే వేరే పెట్టెల్లోకి మార్చండి. బిళ్ల ఊడితే వేడి ఆగడం లేదు. తప్పు మాదే. ముందు మార్చండి, మిగతాది తర్వాత చెప్తాను."

అవతలనుంచి ఆవిడ "ఓ, అదా సంగతి!" అంది. ఆ 'ఓ'లో ఏముందో నాకు తెలియలేదు. "ఒకటి ఖాళీగానే ఉందండీ. రెండోదాంట్లో మొన్న ఓ పాపను పెట్టాం. ఇవాళ పొద్దున కాలితో తన్ని బిళ్ల ఊడగొట్టుకుంది. గడుసుపిండం లెండి, దాన్ని పట్టుకోవడం మా వల్ల కావట్లేదు. మా నర్సమ్మాయి ఒకతి ఆ పక్కగా వెళ్తూ చెయ్యి పెట్టి చూసింది. మేం చూస్తాంలెండి, మిషను ఎంత మంచిదైనా మధ్యమధ్యలో ఓసారి చెయ్యి పెట్టి చూస్తాం, అలవాటు. లోపల మామూలుకన్నా వెచ్చగా తగిలిందట. బిళ్ల అంటించి, ఎందుకొచ్చిందిలే అని పాపను పాత పెట్టెలోకి మార్చేసింది. దీనిమీద కాగితం అంటించి పక్కన పెట్టాం. మీకు ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నా, పొద్దున్నించీ లైను ఖాళీ దొరకలేదు."

"పాపకేమైనా..."

"ఏం కాలేదు. డాక్టరుగారు కూడా చూశారు. ఒళ్లు మామూలుగానే ఉంది, చర్మం బాగుంది, బరువు కూడా పెరిగింది నిన్నటికన్నా."

నేను గోడకు ఆనుకున్నాను. సర్దుడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అవతలనుంచి, ఆవిడ మాటల వెనక, అంతసేపటినుంచీ ఏదో వినిపిస్తూనే ఉందని ఇప్పుడు తెలిసింది, పిల్లికూన గొంతంత, సన్నగా, ఆగి ఆగి, మళ్లీ అందుకుంటూ. తలుపు కిర్రుమంటోందేమో అనుకున్నాను ముందు. "ఆ చప్పుడు..." అన్నాను.

"అదేనండీ, ఆవిడగారే. పాలవేళయింది. ఇప్పుడు కాస్త గొంతు వచ్చింది, వచ్చినప్పటినుంచీ మమ్మల్ని ఉండనివ్వడం లేదు. గోలగా ఉన్నట్టుంది మీకు, ఉండండి, అవతలి గదిలోకెళ్లి మాట్లాడతాను."

"వద్దు సిస్టర్. అక్కడే ఉండండి, కాసేపు."

ఆవిడకు ఏమర్థమైందో, కదల్లేదు. గదిలో ఎవరూ కదల్లేదు. మేనేజరు తల దించుకుని నేలకేసి చూస్తున్నాడు. మూగనోము ఫోనుకి దగ్గరగా వంగి, నోరు కాస్త తెరుచుకుని, అంత శ్రద్ధగా ఏ మీటింగులోనూ వినగా నేను చూడలేదు. ఎవరి పిల్లో. ఏ పేరు పెట్టుకుంటారో, అసలు పెట్టారో లేదో. చెయ్యి పెట్టి చూసిన ఆ అమ్మాయి ఎవరో, ఆమెకు ఆ అలవాటు నేర్పినవాళ్లెవరో, వాళ్లకు నేర్పినవాళ్లెవరో. ఏ వెర్షనుకీ ఎక్కని లైను అది, చేతిలోంచి చేతిలోకే కలుస్తూ వచ్చింది, ఎక్కడా జారకుండా. ఏడుపు ఒక్కసారి పెద్దదైంది, కోపంగా, పూర్తి హక్కుతో, లోకం తనకు బాకీ ఉన్నట్టే. నా కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోబుద్ధి కాలేదు.

అనుమానం అక్క రబ్బరు బొమ్మను ఇంకా భుజాన వేసుకునే ముందుకు వచ్చి, ఫోను మీదికి వంగింది.

"సిస్టర్, ముందు దానికి పాలు పట్టండమ్మా. మాతో తర్వాత మాట్లాడుదురు గాని."